మాత్రలు తగ్గినవి, ప్రయాణములు తగ్గవలదా?

రోగమునకు మందు కనుగొనుట యొక యెత్తు. ఆ మందును రోగి బ్రతికినంతకాలము తప్పక మ్రింగునట్లు చేయుట మఱియొక యెత్తు. హెచ్.ఐ.వి. విషయమున మొదటి పని చాలవఱకు నెఱవేఱినది. రెండవదానిని గూర్చి యేలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల ప్రజలు నేడు గట్టిగా నడుగవలసియున్నది.

మూడు మందులను కలిపి వాడినచో ప్రాణము నిలుచునని 1996లో లోకమునకు దెలిసినది. కాని నాటి రోగి దినమునకు దోసెడు మాత్రలు మ్రింగవలసివచ్చెను. వానిలో నొకటైన ఇండినవీరును ఎనిమిది గంటలకొకసారి పరగడుపున దీసికొనవలెను. వేళ తప్పుచుండినచో వైరసు మందునకు లొంగకుండ మాఱిపోవును. కావున మాత్రల లెక్కయే ప్రాణముల లెక్క యయ్యెను.

ఈ లెక్కను తేలికపఱచుటలో మన దేశము చేసినది స్వల్పము కాదు. ఒక్కొక్క మందుపై నొక్కొక్క విదేశీ సంస్థకు పేటెంటు హక్కుండగా వానిని ఒకే మాత్రగా కూర్చుట కెవరు సాహసింతురు? 1970వ సంవత్సరపు మన పేటెంటు చట్టము ఔషధమును తయారుచేయు విధానమునకే గాని ఔషధమునకు హక్కు నీయలేదు. 2005 వఱకు నీ నియమము నిలిచినది. ఆ నీడనే సిప్లా సంస్థ మూడు మందులను ఒకే మాత్రగా కూర్చి, 2001లో ఏడాదికి 350 డాలర్లకే యిత్తునని ప్రకటించెను. నాడు పాశ్చాత్య దేశములలో ధర పదివేల డాలర్లకు పైమాట. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి మన ప్రభుత్వము ఈ చికిత్సను ఉచితముగా నిచ్చుచున్నది. నేడు టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడును గల మాత్ర దినమున కొక్కటి చాలుచున్నది.

మాత్ర యొక్కటియైనది, దారి మాత్రము తగ్గలేదు. చేపల చెఱువులపై దినకూలితో బ్రదుకు లంకవాడు మందుకొఱకు ఏలూరు పోయిరావలెనన్న నొకనాటి కూలి పోవును. బండి చార్జీ పైగా పడును. బుడమేరు, తమ్మిలేరు పొంగిన దినములలో దారి దొరకుటయే కష్టము. గూడెపు బజారున మూటలు మోయు హమాలీకిని, ఊరూరు తిరుగు లారీ డ్రైవరుకును ఇదే యిబ్బంది. అంతకన్న పెద్దది నలుగురి నోరు. “నెలనెలా ఆసుపత్రికేల?” యని వీధి యడుగును. రోగి సమ్మతిలేక వాని సంగతి బయటపెట్టరాదని 2017వ సంవత్సరపు హెచ్.ఐ.వి. చట్టము శాసించినది, 2018 సెప్టెంబరు 10 నుండి యది యమలులో నున్నది. కాని చట్టము కచ్చేరీలోని దస్త్రమును మూయగలదు గాని వీధి నోరు మూయలేదని న్యాయవాదులమైన మే మెఱుగుదుము. ప్రయాణములు తగ్గుటయే యా రహస్యమునకు మంచి కాపుదల.

చికిత్సలో స్థిరపడినవారికి మూడు మొదలు ఆఱు నెలలకు సరిపడు మందు నొకేసారి యీయవచ్చుననియు, ఆఱు నెలలైన మఱియు మేలనియు ప్రపంచారోగ్య సంస్థ 2021లో సలహా యిచ్చినది. 2020లో లాక్‌డౌన్ నాడు మన దేశమందును కొన్ని నెలల మందు నొకేసారి యిచ్చిరి. ఆపదలో సాధ్యమైనది మామూలు దినములలో నేల కారాదు?

దీనికి రెండు ఆక్షేపణలు చెప్పుదురు. మందుల నిలువ చాలదనుట మొదటిది. 2022 జూలైలో మందుల కొఱతపై రోగులు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయము నెదుట ధర్నాకు గూర్చుండిన మాట నిజమే. కొనుగోలు వేళకు జరుగకపోవుట ప్రభుత్వము దిద్దుకొనవలసిన లోపము. రోగిని త్రిప్పుటకు సాకు కారాదు. రోగిపై కన్నుండదనుట రెండవది. ఇందులో న్యాయము కలదు. క్షయకు రిఫాంపిసిన్ వాడువారు ఆ యొక్క మాత్ర మ్రింగిన పండ్రెండు గంటలకు డొలుటెగ్రావిర్ మఱల దీసికొనవలెను. ఇట్టివారును, క్రొత్తగా చికిత్స మొదలిడినవారును తఱచుగా వైద్యునికి కనబడవలసినదే. స్థిరపడినవారును వైరసు పరిమాణ పరీక్షను మానరాదు. ప్రయాణము తగ్గవచ్చును గాని పరీక్ష తగ్గరాదు.

మున్ముందు మాత్రయే యక్కఱలేని కాలమును రావచ్చును. రెండు నెలలకొకసారి చేయు ఇంజక్షన్ల చికిత్సకు 2022లో అమెరికా యనుమతించినది. రోగము సోకకుండ నాఱు నెలలకొకసారి యిచ్చు లెనకాపవిర్‌ను 2027 నుండి ఏడాదికి 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశముల కందించుటకు హైదరాబాదు సంస్థలైన డాక్టర్ రెడ్డీస్, హెటిరోలు 2025లో ఒడంబడికలు చేసికొన్నవి. ఇది మనకు గర్వకారణమే. ఐనను ఱేపటి సూదిని తలచుచు నేటి మాత్రను లంకవాని గడపకు దూరముగ నుంచుట తగదు.

ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల యధికారులు స్థిరపడిన రోగులకు బహుమాసముల మందును, నదియు సమీపపు ఆసుపత్రులలోనే, దొరకునట్లు చేయుదురుగాక. చదువరుల వంతును కలదు. క్రమముగా మందు వాడి, వైరసు పరీక్షకు అందనంతగా తగ్గినవారినుండి సంగమమువలన రోగమంటదని శాస్త్రము తేల్చినది. ఈ మాటను చదువనేరనివారికి చదివి వినిపింపుడు. పొరుగువాడు ఆసుపత్రికేల పోయెనని యడుగుట మానుడు.