మడమపట్టీ మరమేకు

గాలితుపాకి మడమకు బిగించిన రబ్బరుపట్టీ కదలుచున్నయెడల, మర చెడిన రంధ్రములో అగ్గిపుల్ల దూర్చి మరమేకును మరల త్రిప్పుట పలువురి వాడుక. తలుపుగడియకు అది చాలునేమో. తుపాకికి చాలదని మా యభిప్రాయము. పట్టీ ప్రతిసారియు భుజమున ఒకేచోట ఆనకున్న గుఱి నిలువదు. అట్టి తుపాకితో 10 మీటర్ల దూరమున గుఱి తప్పిన బాలుఁడు తన చేతినే నిందించుకొనును. ఇది మాకు సమ్మతము కాదు.

లోపమెక్కడ? తుపాకి కొయ్యలో నార పొడవునఁ బోవును. మడమలో మరమేకు ఆ నారవెంటనే దిగును గనుక పట్టు స్వల్పము. నారకు అడ్డముగ దిగిన మేకునకే పట్టు ఎక్కువ. బజారున దొరకు గుండ్రని కొయ్యపుల్లలోను నార పొడవుననే యుండును. దానిని దిగఁగొట్టిన పాత లోపమే మరల వచ్చును. కావున తుపాకి ఖాళీగా నున్నదని ఉపాధ్యాయుఁడు చూచిన పిదప, వడ్రంగిచేత గట్టికొయ్యనుండి నారకు అడ్డముగ బిరడా కోయించి, రంధ్రమును బర్మాతో వెడల్పుచేయించి, బిరడాను జిగురుతో నిలిపి, ఒక దినము ఆఱనిచ్చి, నడుమ మరమేకుకంటె సన్నని రంధ్రము తొలిపింపవలెను. కొందఱు లావుపాటి మరమేకును బలవంతముగఁ ద్రిప్పుదురు. కొయ్య చీలును, చీలిన మడమను బాగుచేయుట వేఱొక పని.