మొదలెంత? వాలెంత?

"వీళ్ళకి గ్రాఫొక్కటి నేర్పండి మాస్టారూ, గట్టెక్కుతారు."

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే కొద్దీ స్టాఫ్ రూముల్లో ఈ మాట వినబడుతుంది. వీళ్ళంటే ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు. హాస్టలు పిల్లలు. పల్లె పిల్లలు. మిరపకోతలకు పోయి వారాల తరబడి బడికి రాని పిల్లలు. వీళ్ళకి బీజగణితం ఎక్కదట, రుజువులు ఎక్కవట. కాబట్టి గ్రాఫు కాయితం మీద మూడు చుక్కలు పెట్టి స్కేలుతో గీత గీయడం నేర్పితే నాలుగు మార్కులొస్తాయి, పాసవుతారు, పీడా పోతుంది. ఈ మాట అనేది పై కులాల మాస్టర్లేనని అనుకునేరు. మేమూ అన్నాం. ఏళ్ళ తరబడి అన్నాం, అట్లాగే నేర్పాం. మన పిల్లలు ఎట్లాగోలా పాసైతే చాలన్న ప్రేమతోనే నేర్పాం. కనుక ఇది ముందుగా మా మీద మేము రాసుకుంటున్న ఫిర్యాదు.

ఆ నేర్పుడు ఎట్లా ఉంటుందో చూడండి. ఎక్స్‌కి 0 పెట్టు, 1 పెట్టు, 2 పెట్టు. వై ఎంతొచ్చిందో పట్టికలో రాయి. చుక్కలు పెట్టు. కలుపు. పేరు రాయి, స్కేలు రాయి. అయిపోయింది. పిల్లోడు చక్కటి గీత గీస్తాడు. "ఈ గీత ఏం చెబుతోందిరా?" అని అడగండి. "సరళరేఖ సార్" అంటాడు. అది చూస్తే తెలుస్తూనే ఉంది! "దీని వాలెంత? నిలువు గీతను ఎక్కడ తాకింది?" అంటే నేల చూపులు చూస్తాడు. 2ఎక్స్ + 3వై = 12 ఇచ్చి వాలు అడిగితే, సమీకరణంలో ఎక్స్ పక్కన కనబడే అంకె చూసి "2 సార్" అంటాడు. పదిమందిలో తొమ్మిదిమంది అంతే. తప్పు వాళ్ళది కాదు.

మేమూ అట్లానే చదువుకున్నాం. "వై ఈక్వల్టూ ఎమ్మెక్స్ ప్లస్ సి" అని నడుస్తూ, బర్రెల్ని తోలుకుపోతూ, బావి దగ్గర నీళ్ళు చేదుతూ వల్లెవేశాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఆ ఎమ్ ఎవరో ఆ సి ఎవరో తెలియకుండానే డిగ్రీ పాసయ్యాం. ఒకప్పుడు శూద్రుడు మంత్రం వింటే చెవుల్లో సీసం పోయమని రాసుకున్నారు. ఇప్పుడు లెక్కనే మంత్రం చేసి మన చెవుల్లో పోస్తున్నారు. పోసేవాళ్ళలో మేమూ ఉన్నాం.

అసలు మాటల దగ్గరే మొదలవుతుంది ఈ దూరం. వాలు అచ్చ తెలుగు మాట, అందరికీ తెలిసిందే. అంతరఖండం అంటే ఎవరికి తెలుసు? గీత నిలువు గీతను ఎక్కడ కోసుకుపోయిందో ఆ కొలతే వై-అంతరఖండం. అంటే ఎక్స్ ఇంకా సున్న దగ్గర ఉన్నప్పుడు వై ఎంత ఉందో అంత. లెక్క ఎక్కడ మొదలైందో అంత. దానికి మన ఇళ్ళలో ఉన్న మాట 'మొదలు'. అప్పుకైనా వ్యాపారానికైనా పెట్టుబడికైనా మనవాళ్ళు మొదలెంత అనే అడుగుతారు. పరీక్షలో అంతరఖండం అనే రాయండి, మార్కులు ఊరికే పోగొట్టుకోవద్దు. మనసులో మాత్రం మొదలు అనుకోండి.

ఇక వాలు. మన పిల్లల అన్నలూ అయ్యలూ గచ్చు పనికి పోతారు. బాత్రూం గచ్చు మీద నీళ్ళు తూముకేసి పారేట్టు వాటం పెట్టడం వాళ్ళకి తెలుసు. ఇన్ని అడుగుల నడకకి ఇంత దిగుడు అని లెక్క. దిగుణ్ణి నడకతో భాగిస్తే వచ్చేదే వాలు. గీత ఎక్కుతుంటే కూడిక గుర్తు, దిగుతుంటే తీసివేత గుర్తు. రసమట్టం పెట్టి చదునుగా వదిలేస్తే వాలు సున్న, నీళ్ళు ఎక్కడివక్కడ నిలుస్తాయి. గోడ కట్టేటప్పుడు గుండు కట్టి వదిలిన దారానికి దిగుడే ఉంది, నడక లేదు. సున్నతో భాగించలేం కనుక దానికి వాలు చెప్పలేం అంటుంది పుస్తకం. ఇంతే విషయం. ఊరి మురుగు ఏ వైపు పారి ఎవరి గుమ్మాల ముందు నిలుస్తుందో మన పల్లెలో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. ఊరు కట్టినోళ్ళకి వాలు బాగానే తెలుసు.

మిరపకోత తీసుకోండి. కొన్ని చోట్ల రోజు కూలి, కొన్ని చోట్ల కిలోకి ఇంత. కిలోకి 10 రూపాయలు అనుకుందాం. ఆటోవాడికి రానూపోనూ 60 ఇచ్చుకోవాలి అనుకుందాం. ఎక్స్ కిలోలు కోస్తే చేతిలో మిగిలేది వై. వై = 10ఎక్స్ − 60. వాలు 10. మొదలు సున్న కాదు, మైనస్ 60. గీత సున్న కిందనుంచి లేస్తుంది. అడ్డ గీతను 6 దగ్గర తాకుతుంది. అంటే ఆ తల్లి మొదటి 6 కిలోలూ ఆటో కోసం కోసింది, ఏడో కిలో నుంచి తన కోసం కోసింది. రుణ అంతరఖండం అంటే బెదిరిపోయే పిల్లలకు ఇది చెబితే, "మా అమ్మ రోజూ మైనస్‌లోనే ఎక్కుద్ది సార్ ఆటో" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు గాని, పాఠం వచ్చేసిందని అర్థమైంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మా అయ్య పాలేరు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, మేము ఆ తర్వాత పుట్టినోళ్ళం. అయినా అయ్య ముందు డబ్బు తీసుకుని ఆ బాకీ తీరేదాకా ఒక ఆసామి కొట్టంలోనే ఉన్నాడు. ఊళ్ళో అందరూ అనేది ఒకటే: "పండక్కీ పబ్బానికీ అప్పు చేస్తారు, అందుకే వీళ్ళు బాగుపడరు." మా అమ్మ కూడా ఆ మాటే అనేది. చాలాకాలం మేమూ నమ్మాం.

గ్రాఫు కాయితం తీసుకోండి. అంకెలు తేలిగ్గా ఉండాలని మేము వేసుకున్నవే, లెక్క మాత్రం ఊళ్ళో నడిచిన లెక్కే. ముందు తీసుకున్నది 12 వేలు. నెలకు 400 జీతంలో పట్టుకుంటారు. ఎక్స్ నెలలకు మిగిలే బాకీ వై = 12000 − 400ఎక్స్. మొదలు 12 వేలు. వాలు మైనస్ 400. గీత దిగుతూ దిగుతూ అడ్డ గీతను 30 దగ్గర తాకుతుంది. దాన్ని పుస్తకం ఎక్స్-అంతరఖండం అంటుంది. అయ్యనడిగితే విడుదల అనేవాడు.

ఇప్పుడు పండక్కి ఇంకో 2 వేలు తెచ్చుకున్నాడు అనుకోండి. మొదలు 14 వేలయింది. వాలు మారలేదు. గీత ఉన్నపళంగా పైకి జరిగింది, పాత గీతకు సమాంతరంగా. అడ్డ గీతను 35 దగ్గర తాకుతుంది. 5 నెలలు ఎక్కువ. సరే, పండగ తెచ్చిన తంటా అనే అందాం.

ఇంకో రకం చూడండి. పండగ లేదు, పబ్బం లేదు. తిండి గింజలు చాలక నెలనెలా 150 తెచ్చుకున్నాడు. 400 పోతుంది, 150 వస్తుంది, నికరంగా తగ్గేది 250. మొదలు 12 వేలే, కాని వాలు మైనస్ 250కి పడిపోయింది. గీత ఎక్కడ తాకుతుంది? 48 దగ్గర. 18 నెలలు ఎక్కువ! ఒక్కసారి తెచ్చిన 2 వేలు 5 నెలలు తింటే, నెలనెలా తెచ్చిన 150 ఏడాదిన్నర తినేసింది.

మనల్ని తిట్టేది మొదలును చూపించి. మనల్ని పట్టి ఉంచేది వాలు. పండగ ఖర్చు అందరికీ కనబడుతుంది, ఎందుకంటే అది ఒక్కసారి ఎగిరిన గీత. నెల జీతం మనిషి తిండికి చాలకపోవడం ఎవరికీ కనబడదు, ఎందుకంటే అది గీత పొడుగునా పరుచుకుని ఉంటుంది. ఈ తేడా తెలియని పిల్లవాడు అయ్యను తిడుతూ పెరుగుతాడు. మేము పెరిగాం. అయ్య పోయాక గాని ఈ గీతలు గీసి చూడలేదు.

పరీక్ష మాటా చెప్పాలి కదా, లేకపోతే మా తోటి మాస్టర్లు ఒప్పుకోరు. 2ఎక్స్ + 3వై = 12కి వాలు 2 ఎందుకు కాదు? వై ఇంకా ఒంటరిగా లేదు కాబట్టి. 2ఎక్స్‌ను అవతలికి పంపి 3తో భాగిస్తే వై = 4 − (2/3)ఎక్స్. మొదలు 4, వాలు మైనస్ 2/3. వై అంకెలో ఎక్స్‌కి ఎంత వాటా అన్నదే వాలు. వై పక్కన ఇంకో అంకె వేలాడుతున్నంతకాలం ఆ వాటా తేలదు. లేదంటే ఇంకా సులువు: ఎక్స్‌ను సున్న చెయ్యి, వై 4. వైని సున్న చెయ్యి, ఎక్స్ 6. రెండు చుక్కలు కలుపు. 6 నడిస్తే 4 దిగింది, మళ్ళీ అదే మైనస్ 2/3. మూడో చుక్క తప్పు పట్టుకోడానికి మాత్రమే. ఇంకొకటి: గీత నిటారుగా కనబడిందని వాలు ఎక్కువనుకోవద్దు. నిలువున సెంటీమీటరుకు 1000 తీసుకుంటే బోర్లాపడ్డట్టు ఉండే గీతే, 100 తీసుకుంటే గోడలా నిలబడుతుంది. ముందు స్కేలు చూడాలి, ఆ తర్వాతే గీత. పేపర్లలో వచ్చే గ్రాఫులకూ ఇదే వర్తిస్తుంది.

అమెరికాలో రాబర్ట్ మోజెస్ అని నల్లజాతి ఉద్యమకారుడు, లెక్కల మాస్టారు ఉండేవాడు. 1935లో పుట్టి 2021లో పోయాడు. 1960ల మొదట్లో మిసిసిపీలో నల్లవాళ్ళను ఓటర్లుగా చేర్పించడానికి దెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు. అక్కడ ఓటు అడిగిన నల్లమనిషికి రాష్ట్ర రాజ్యాంగంలో ఒక ముక్క చూపి అర్థం చెప్పమని పరీక్ష పెట్టేవాళ్ళు. చదువు చెప్పనిదీ వాళ్ళే, చదువు రాదని ఓటు ఇవ్వనిదీ వాళ్ళే. 1965 చట్టంతో ఆ పరీక్షలకు గండి పడింది. అదే మోజెస్ 1982లో తన కూతురి బడిలో బీజగణితం చెప్పడం మొదలుపెట్టి, దాన్నే ఆల్జీబ్రా ప్రాజెక్టుగా పెంచాడు. పిల్లల్ని ఊళ్ళో రైలెక్కించి తిప్పి, స్టేషన్ల వరసలోంచి సంఖ్యారేఖను పుట్టించేవాడు. ఆ రోజుల్లో ఓటు ఎట్లాగో ఈ రోజుల్లో బీజగణితం అట్లాగని ఆయన వాదన. ఈ మాట మనకు పరాయిదేం కాదు. పై చదువుల్లో లెక్కలు తగిలే ప్రతి గుమ్మం దగ్గరా మన పిల్లలు ఆగిపోతున్నారు. కాపలా మనిషి అక్కర్లేదు, ఎమ్మూ సీ చాలు.

"సిలబస్ ఎప్పుడవుతుందండీ ఇట్లా కథలు చెబుతూ కూర్చుంటే?" అన్నాడు మా తోటి మాస్టారొకాయన. మంచివాడే, మనవాడే. ఆయనకి మేము చెప్పింది ఒకటే. పట్టికా చుక్కలూ చెప్పడానికి మాకు మూడు పీరియడ్లు పట్టేది, మళ్ళీ మార్చిలో మూడు పట్టేది, మర్చిపోతారు కాబట్టి. బాకీ లెక్క చెప్పడానికి నాలుగు పట్టింది. మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ నాలుగో పీరియడ్‌లో జరిగిన సంగతి ఇది. వడ్డీ లెక్క వేయిస్తున్నాం. అసలు 20 వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 600. వడ్డీ మాత్రమే కడుతూ పోతే ఉన్న బాకీ వై = 20000. వాలు సున్న, చదును గీత. మనం కట్టిన మొత్తం వై = 600ఎక్స్. మొదలు సున్న, వాలు 600. రెండూ ఒకే కాయితం మీద గీయమన్నాం. (అసలు కూడా కొంచెం కొంచెం కడుతుంటే వడ్డీ తగ్గుతూ పోయి అది సరళరేఖ కాదు, ఒంపు తిరుగుతుంది. అది పై క్లాసు సంగతి.) వెనక బెంచీలో ఒక అమ్మాయి గీసి చాలాసేపు చూసింది. హాస్టలు పిల్ల, మాట్లాడేది తక్కువ.

"ఈ పై గీత కిందికెప్పుడూ రాదా సార్?"

"రాదమ్మా. వాలు సున్న. అడ్డ గీతను తాకే చోటే లేదు దానికి."

"ఇక్కడ రెండూ కలిసినయ్. ఇక్కడికి మనమిచ్చింది అసలంత అయిపోయింది. అయినా అసలు అట్టానే ఉంది."

33కీ 34కీ మధ్య వేలు పెట్టి చూపించింది. ఇంట్లో ఏదన్నా అప్పుందా అని మేము అడగలేదు. సోమవారం ఇంటినుంచి వచ్చేటప్పుడు తనే ఒక చీటీ తెచ్చింది. అసలు 15 వేలు. మూడు రూపాయల వడ్డీ. వాళ్ళమ్మ నెలకు 450 కడుతోంది, ఐదేళ్ళుగా. కట్టింది 27 వేలు. పిల్ల ఇంట్లోనే గీసుకొచ్చింది.

"అసలు మారినా కలిసే చోటు మారలేదు సార్. మళ్ళీ 33 దాటినాకే."

మేము అది చెప్పలేదు. మాకు తట్టనూ లేదు. నూరును మూడుతో భాగిస్తే వచ్చేదే ఆ చోటు, అసలు ఎంతైనా సరే. బోర్డు మీద వేసి అందరికీ చూపించాం. అయిపోయాక టేబులు దగ్గరకొచ్చి, రెండు రూపాయల వడ్డీ అయితే ఎక్కడ కలుస్తాయో చూస్తానని ఇంకో గ్రాఫు కాయితం అడిగింది. ఇచ్చాం.