పాపను ఊరికి పంపేముందు

కువైట్‌లోని హవల్లీలో ఏ తెలుగింట్లో బిడ్డ పుట్టినా మూడో నెలకల్లా ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. "ఊరికి పంపెయ్ మ్మా. మీ అమ్మ చూసుకుంటుంది. ఎల్‌కేజీకి తెచ్చుకుంటే సరిపోతుంది." చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలామంది తమ పిల్లల్ని అట్లా పంపినవాళ్లే. రాజంపేట, కోడూరు, చిట్వేలి, పుల్లంపేట వైపు నుంచి కువైట్‌కు వచ్చిన కుటుంబాల్లో అవ్వాతాతల దగ్గర పెరిగిన పిల్లలు లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. మా ఆయనా అట్లా పెరిగినవాడే. వాళ్ల నాయన ఇక్కడ డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ ఈయనకు ఇల్లంటే అవ్వే. అందుకే ఆ మాటను ఎవరూ సలహా అనుకోరు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కో అన్నంత మామూలుగా అనేస్తారు. నాకు పేచీ ఆ మామూలుతనంతోనే.

నేను ఇక్కడ ఒక ప్రైవేటు పాలీక్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. పెద్దది ఒకటో తరగతి, చిన్నోడికి రెండేళ్లు దాటాయి. ఇద్దరినీ ఇక్కడే పెంచుతున్నాం. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు, అంత గొప్పగా పెంచుతున్నదీ లేదు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక షిఫ్టు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఇంకొకటి. గల్ఫ్‌లో క్లినిక్కులూ దుకాణాలూ ఎండను బట్టి పెట్టుకున్న ఈ రెండు ముక్కల పని ఎవరికి కలిసొచ్చిందో గాని సన్నబిడ్డ తల్లికి మాత్రం కాదు. మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి వాడు నిద్రపోతుంటాడు. వాడు లేచి ఆటకు పిలిచేసరికి నేను చెప్పులు వేసుకుంటుంటాను.

ఇంత అవస్థ ఎందుకు, పంపెయ్యొచ్చు కదా అంటారు. పంపేముందు తెలుసుకోవాల్సినది ఒకటుంది. కువైట్ అకామా (నివాస అనుమతి) ఉన్న మనిషి ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే ఆ అకామా పోతుంది. పెద్దలకైనా, పాలు తాగే బిడ్డకైనా ఇదే లెక్క. పోయాక మళ్లీ తేవాలంటే కొత్తగా కుటుంబ వీసా పెట్టుకోవాలి. దానికి జీతం నిబంధన ఒకప్పుడు 450 దినార్లు, 2019లో 500 అయింది. 2022 మధ్యలో కుటుంబ వీసాలు దాదాపుగా ఆపేశారు. 2024 జనవరిలో తలుపు తెరిచేటప్పటికి నిబంధన 800 దినార్లయింది, దానికి డిగ్రీ కూడా కావాలన్నారు. డిగ్రీ షరతు అదే ఏడాది తీసేశారు గాని 800 అట్లాగే ఉంది. మన డబ్బుల్లో రెండు లక్షలకు పైమాటే. సూపర్‌మార్కెట్ సూపర్‌వైజరుకో, ఏసీ మెకానిక్కుకో, నాలాంటి టెక్నీషియనుకో అంత జీతం ఎక్కడిది? తల్లిదండ్రులిద్దరూ ఇక్కడే ఉంటే ఐదేళ్లలోపు పిల్లలకు జీతం నిబంధనలో సడలింపు ఉంది, అదీ అధికారి ఒప్పుకుంటేనే. ఎల్‌కేజీకి తెచ్చుకుందాం, యూకేజీకి తెచ్చుకుందాం అని ఆగేవాళ్ల దగ్గర ఈ ఐదేళ్లు ఎంత త్వరగా అయిపోతాయో చెప్పనక్కర్లేదు.

నాతో పనిచేసే ఒకామె కొడుకును 2022 ఎండాకాలంలో ఊరికి పంపింది. అప్పటికి వాడికి నాలుగేళ్లు. రెండో కాన్పు కష్టమని డాక్టరు చెప్పింది, ఇంట్లో చూసేవాళ్లు లేరు. కాన్పు కాగానే తెచ్చుకుందామనుకున్నారు. ఈలోగా అక్కడ పెద్దావిడకు ఆపరేషను, తీసుకొచ్చే మనిషి లేడు, ఆరు నెలలు దాటిపోయాయి. చూస్తుండగానే వాడికి ఐదు నిండాయి. వీసాలు తెరిచేసరికి ఆ ఇంటాయన జీతం 620. ఇప్పుడు చెల్లెలు హవల్లీలో, అన్న పుల్లంపేటలో. ఫోన్లో ఆ పాప వాణ్ణి "అన్నా" అనదు, పేరు పెట్టి పిలుస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. "కొన్నాళ్లు" అనుకుని పంపిన బిడ్డ ఏళ్ల తరబడి ఉండిపోవడానికి తప్పు చెయ్యనక్కర్లేదు, ఒక తేదీ దాటితే చాలు.

మనకొక్కళ్లకే ఈ బాధ అనుకోవద్దు. బ్రిటన్‌లో 1960లు, 70లలో హాంకాంగ్ పల్లెల నుంచి వెళ్లిన చైనా కుటుంబాలు ఊరూరా చిన్న చిన్న తిండి దుకాణాలు పెట్టుకున్నాయి. మొగుడూ పెళ్లాం అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గరే. చాలామంది బిడ్డల్ని హాంకాంగ్‌లోని అవ్వల దగ్గరికి పంపారు, బడి వయసుకు వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక ఎదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు ఆ పిల్లలకు కొత్తవాళ్లు. ఇవాళ అదే బ్రిటన్‌లో చైనా తల్లులు కలిసి కూర్చుంటే మాట్లాడుకునేవి వేరే: బాలింత నెలలో అల్లం ఎంత వెయ్యాలి, చన్నీళ్లు తాగమనే నర్సుకు ఏం చెప్పాలి, నర్సరీకి సగం రోజే ఎందుకు పంపాలి. బిడ్డ దగ్గరున్న తల్లికే ఇట్లాంటి సందేహాలు వస్తాయి. ఆ చిల్లర సందేహాలు మాకూ రావాలని నా కోరిక.

మాకూ వస్తున్నాయి లెండి. మా బిల్డింగులోనూ, పక్క వీధుల్లోనూ ఉన్న తెలుగు తల్లులం శుక్రవారం పొద్దున కలుస్తాం. చలికాలమైతే షాబ్ వైపు సముద్రపు ఒడ్డున, మిగతా కాలమంతా ఎవరో ఒకరి ఫ్లాట్‌లో. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగింటి వరకు బయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. గట్టి మగవాళ్లే నిలబడలేని ఎండలో రెండేళ్లవాణ్ణి ఎక్కడికి తిప్పుతాం? కిటికీలు మూసిన రెండు గదులు, ఏసీ, ఒక టీవీ. ల్యాబ్‌లో నేను రోజూ చూసే రిపోర్టుల్లో పిల్లల విటమిన్ డి అడుగున ఉంటుంది. సూర్యుడు ఇంతగా మండే దేశంలో ఎండ లేక వచ్చే లోపం! మొదట్లో నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన తల్లికి మేం చెప్పే మొదటి మాట అదే: విటమిన్ డి చుక్కలు మానొద్దు, పొద్దున ఏడింటి లోపల మిద్దె మీదికి తీసుకెళ్లు, దుమ్ము లేస్తే మాత్రం తలుపు తియ్యకు. మాటలు ఆలస్యమైన పిల్లల సంగతి ఒకప్పుడు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మా ఆడపడుచు తన కొడుకు రెండున్నరేళ్లకూ "అమ్మ" అనలేదని బయటపెట్టాక ఇంకో ఇద్దరు నోరు తెరిచారు. టీవీ కట్టి, పిల్లల్ని ఒకచోట చేర్చితే వాళ్లలో ఇద్దరు మూడు నెలల్లో మాటల పుట్టలయ్యారు. మూడో బిడ్డకు థెరపీ కావాల్సి వచ్చింది, అది త్వరగా తెలిసింది. ఊళ్లో ఉంటే వీధి చేసే పనిని ఇక్కడ మేం వారానికొకసారి చేస్తున్నాం.

బాలింతల సంగతైతే పెద్ద గ్రంథం. నా మొదటి కాన్పుకు అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది, అప్పట్లో అది నెల రోజులకే. పాత చింతకాయ, శొంఠి, వాము, వెల్లుల్లి కారం అన్నీ చెన్నై విమానంలో మోసుకొచ్చింది. నెల కాగానే తిరిగి విమానం ఎక్కింది. ఆ తర్వాత నాకు వెల్లుల్లి కారం చేసిపెట్టింది మూడో అంతస్తులో ఉండే పశ్చిమగోదావరి ఆవిడ. నేను డ్యూటీలో ఉన్నప్పుడు నా బిడ్డనూ, ఇంకో ఇద్దరు నర్సుల పిల్లల్నీ చూసేది ఆవిడే. డిపెండెంట్ వీసా మీద ఉన్నావిడ డబ్బు తీసుకుని పని చెయ్యకూడదు కాబట్టి మేమెవరం దాన్ని పని అనం, ఆవిడా అనదు. మా ఉద్యోగాలన్నీ ఆవిడ చేతుల మీద నిలబడ్డాయి.

మాలో సన్నపిల్లల సంగతి అందరికంటే తెలిసింది చిట్వేలి నుంచి వచ్చిన అక్క. దగ్గర్లోనే ఒక కువైటీ ఇంట్లో ఖద్దామా, అంటే ఇంటిపనిమనిషి. ఆ ఇంట్లో కవలల్ని పుట్టిన వారం నుంచి ఎత్తుకు పెంచింది. పళ్లొచ్చేటప్పటి జ్వరమేది, భయపడాల్సిన జ్వరమేది ఒళ్లు పట్టుకుని చెప్పేస్తుంది. సెలవు దొరికిన శుక్రవారం మా దగ్గరికొస్తే పిల్లలంతా ఆమె ఒళ్లోనే. ఆమె కూతురు మాత్రం చిట్వేలిలో వాళ్ల అవ్వ దగ్గర. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మంచికే పెట్టారు, కాదనను. కాని మన వైపు 30 ఏళ్లకు పిల్లలు లేని ఆడమనిషి ఎంతమంది? అంటే సక్రమంగా కాగితాలతో వచ్చే ఖద్దామాల్లో దాదాపు అందరూ తల్లులే. వాళ్లను "పంపకండి, దగ్గరుంచుకోండి" అని నేనెట్లా అనగలను? ఒకసారి అట్లాంటి మాటేదో నా నోట రాబోతే ఆ అక్క నవ్వి, "మా పాప మా అమ్మ దగ్గర బాగానే ఉంది మ్మా. జాలి వద్దు. 2015 చట్టంలో వారానికో సెలవు అని రాసిందంట కదా, అది నాకు ప్రతి వారం వచ్చేట్టు చూడు" అంది. ఇంటిపనివాళ్ల కోసం ఇక్కడ చేసిన ఆ చట్టం 68వ నంబరుది. రోజుకు 12 గంటలు మించకూడదనీ, వారానికొక రోజు సెలవనీ, ఏడాదికొకసారి జీతంతో సెలవనీ అందులో ఉంది. ఆ వారపు సెలవు నిజంగా దొరికితే ఆమె దాన్ని సగం మా పిల్లలకూ, సగం ఫోన్లో తన పిల్లకూ పంచుతుందని నాకు తెలుసు.

మాలాంటి ఉద్యోగస్తులకు వేరే చట్టం, 2010 నాటి 6వ నంబరుది. కాన్పుకు 70 రోజులు జీతంతో సెలవు, ఆపైన కావాలంటే జీతం లేకుండా నాలుగు నెలలు. పాలిచ్చే తల్లికి రోజుకు రెండు గంటలు. 50 మందికి పైగా ఆడవాళ్లో, మొత్తం 200 మందికి పైగా ఉద్యోగులో ఉన్న చోట నాలుగేళ్లలోపు పిల్లలకు శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని కూడా రాశారు. మా క్లినిక్‌లో అంతమంది లేరు కాబట్టి మాకు అది వర్తించదు. వర్తించే పెద్ద కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు వందల్లో ఉన్నారు. నేను అడిగినవాళ్లలో సగం మందికి అట్లాంటి నిబంధన ఉందనే తెలియదు. రెండు గంటల సంగతి నాకూ ఒక మలయాళీ నర్సే చెప్పింది. వాళ్లు చట్టాలు చదువుకుని వస్తారు, మనం బంధువుల ఫోన్ నంబర్లు రాసుకుని వస్తాం.

"ఎప్పటికైనా పోవాల్సినవాళ్లమే కదా, పిల్లలిక్కడ ఎందుకు" అని మా మామగారి వాదన. పోవాల్సినవాళ్లమే, నిజం. 1990కి ముందు ఈ హవల్లీ నిండా పాలస్తీనావాళ్లు. కువైట్ మొత్తంలో నాలుగు లక్షల దాకా ఉండేవాళ్లు. టీచర్లు, ఇంజినీర్లు, దుకాణదారులు; ఇక్కడే పిల్లల్ని కన్నారు, ఇక్కడే బళ్లో వేశారు. ఇరాక్ దాడి, ఆ తర్వాతి యుద్ధం ముగిసేసరికి ఎక్కువమంది వెళ్లిపోవాల్సి వచ్చింది. శాశ్వతమని నమ్మినవాళ్లకే ఆ గతి పట్టింది, కాంట్రాక్టు మీద బతికే మనమెంత? కాని వాళ్లు పోయేనాటికి పిల్లలు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని పోయారు. రేపు మా ఉద్యోగం ఊడినా మేం నలుగురం ఒకే విమానం ఎక్కుతాం. మామగారికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు, ఆయనకు ఇది చాలలేదు కూడా.

అవ్వల్ని నేను తీసిపారెయ్యడం లేదు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషికి పాకే బిడ్డను అప్పగించి, నెలకింత అని పంపి, దాన్ని ప్రేమ అనడం ఆమెకూ అన్యాయమే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె చూసుకోగలదా అని నన్ను అడిగినవాళ్లే గాని ఆమెను అడిగినవాళ్లు లేరు.

కువైట్‌లో తెలుగు సంఘాలు చాలానే ఉన్నాయి. ఉగాదికి, సంక్రాంతికి హాలు తీసుకుంటాం, హైదరాబాదు నుంచి గాయకుల్ని పిలుస్తాం, పిల్లల చేత డాన్సులు వేయిస్తాం. ఆ డాన్సులు వేసే వయసు రాకముందు ఆ పిల్లలు ఎక్కడున్నారని ఏ కమిటీ అడగలేదు. నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఎండాకాలం మూడు నెలలు శుక్రవారం పొద్దున ఒక చల్లటి హాలు, నేల మీద నాలుగు చాపలు. అకామా ఆరు నెలల నిబంధన, ఐదేళ్ల సడలింపు, 70 రోజుల సెలవు, రెండు పాల గంటలు, ఖద్దామా వారపు సెలవు, ఇవన్నీ తెలుగులో అచ్చేసిన ఒక కాగితం, మారినప్పుడల్లా కొత్తది. పెద్ద కంపెనీల్లో మేనేజర్లుగా ఉన్న మన పెద్దమనుషులు తమ ఆఫీసులో పిల్లల గది సంగతి ఒకసారి హెచ్‌ఆర్‌ను అడిగితే ఇంకా మంచిది. వాళ్లు అడిగితే వింటారు, మేం అడిగితే కాంట్రాక్టు తీసి చూస్తారు.

ఒక కమిటీ ఆయనతో ఈ మాట అంటే, "ఉగాది కానియ్యమ్మా, చూద్దాం" అన్నాడు. ఉగాది అయింది, చూడలేదు. ఈ శుక్రవారం కూడా మా ఫ్లాట్‌లోనే. మా లిఫ్టు సరిగ్గా పనిచెయ్యదు కాబట్టి స్ట్రోలరు కింద హారిస్ (వాచ్‌మన్) దగ్గర పెట్టి, బిడ్డను ఎత్తుకుని రండి. పాలసీసా తెచ్చుకోండి, ఉప్మా నేను చేస్తాను.