అస్థిపంజరముల వెనుకనున్న నటుడు

చలనచిత్రములందలి రాక్షసులను గూర్చి ముచ్చటించునపుడు మనము వాని కోరలను, గర్జనలను, పర్వతప్రాయమైన ఆకారమును మెచ్చుకొందుమే గాని, ఆ ఆకారమును కదలించిన హస్తమును స్మరింపము. ఒకవేళ స్మరించినను, దానిని సాంకేతికనైపుణ్యమని పేర్కొని ఊరకుందుము. ఆ హస్తము చేసినది అభినయమని నేను దృఢముగా విశ్వసించుచున్నాను.

1933లో వెలువడిన ‘కింగ్ కాంగ్’ చిత్రమునందు న్యూయార్కు నగరమును గడగడలాడించిన మహావానరము నిజమునకు మూరెడు పొడవు బొమ్మ. లోపల కీళ్లు తిరుగు లోహపు అస్థిపంజరము, దానిపై రబ్బరును దూదియు, పైన కుందేటి చర్మము: మార్సెల్ డెల్గాడో నిర్మించిన ఆ బొమ్మను విల్లిస్ ఓబ్రయన్ ఆయన సహాయకులును రవ్వంత జరిపి ఒక ఛాయాచిత్రము, మరల రవ్వంత జరిపి మరియొకటి, ఈ విధముగా క్షణమునకు ఇరువదినాలుగు చొప్పున తీసిరి. ముట్టినపుడెల్ల వ్రేళ్ల ఒత్తిడికి బొచ్చు చెదరి, తెరపై అది అలలవలె కదలినది. దోషమని నిర్మాతలు భయపడిన ఆ కదలికను ప్రేక్షకులు వానరము రోమములు నిక్కబొడుచుకొనుటగా గ్రహించిరి. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఎంపైర్ స్టేట్ భవనశిఖరమున తూటాలు తాకినపిమ్మట కాంగ్ తన రొమ్మును తడవికొని, వ్రేళ్లకంటిన నెత్తురును చూచుకొను ఆ ఘట్టము యాదృచ్ఛికము కానేరదు. తనకేమి సంభవించినదో తెలియని ప్రాణి దిగ్భ్రమను ఒకానొక మనుష్యుడు ముందుగా తన మనస్సున అనుభవించి, పిదప ఆ బొమ్మ చేతిలోనికి దింపినాడు.

ఆ చిత్రమును పదమూడవ యేట చూచిన రే హారీహౌసన్, కొన్నియేండ్లకు తాను చేసిన స్టెగోసారస్ బొమ్మను ఓబ్రయన్‌కు చూపగా, దాని కాళ్లలో కండరములే లేవనియు, శరీరశాస్త్రము చదువుమనియు ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. శిష్యుడు ఆ మాటను శిరసావహించెను. ఫలితము 1963 నాటి ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’లో కానవచ్చును. ఏడు అస్థిపంజరములు ముగ్గురు వీరులతో పోరాడు ఆ ఘట్టమునకై నటులు మొదట కత్తియుద్ధము తెలిసినవారితో ప్రతి వేటును అభ్యసించి, పిమ్మట ప్రత్యర్థి లేకయే శూన్యమునందు కత్తులు ఝళిపించిరి. ఆ దృశ్యమును బొమ్మల వెనుక తెరపై ఒక్కొక్క చిత్రముగా నిలిపి, హారీహౌసన్ ఒంటరిగా ఆ ఏడింటిని ఆడించెను. ఏ చేయి మీదికి లేచుచున్నదో, ఏ కాలు వెనుకకు తగ్గుచున్నదో అంతయు ఆయన జ్ఞాపకముననే యుండవలెను. దినమెల్ల శ్రమించినను తెరపై ఒక్క క్షణమైనను నిండెడిది కాదు. ఆ ఒక్క ఘట్టమునకే నాలుగున్నర మాసములు పట్టెను. అదే చిత్రమునందు తాలోస్ అను కంచువిగ్రహము కదలుటలోని బిగువు లోపము కాదు: కంచు కదలినచో అట్లే కదలునని ఆయన బుద్ధిపూర్వకముగా కల్పించినది. పాత్రోచితమైన నడకను ఎన్నుకొనుట నటుని పని కాక మరేమి?

ఇంతటి కృషికి ఆ యేటి ఆస్కారు పోటీలో ప్రత్యేక దృశ్యప్రభావముల విభాగమున కనీసము నామినేషనైనను లభింపలేదు. 1992లో అకాడమీ ఆయనను సత్కరించినమాట నిజమే. కాని ఆ సత్కారమును సాంకేతిక సేవకు ఉద్దేశించిన పురస్కారరూపమున అందించెను. తెర వెనుక నిలిచి హనుమంతుని ఆడించు తోలుబొమ్మలాటగాడు కళాకారుడేయని మన పల్లెలు ఏనాడో అంగీకరించినవి; హాలీవుడ్డునకు ఆ వివేకము ఇంకను అలవడవలసియున్నది.

నేడు రబ్బరు పోయి కంప్యూటరు వచ్చినది. పాతదే గొప్పదని నేను వాదింపను. తన ముఖమును అద్దమున చూచుకొనుచు రాక్షసుని ముఖమున కోపమును తీర్చు నేటి యువకళాకారుడును ఓబ్రయన్ వంశీయుడే. నేను కోరునది ఇంతమాత్రమే: చిత్రాంతమున వడివడిగా దొరలిపోవు వందలకొలది పేర్లలో ఆతనిని కలిపివేయక, ఏ రాక్షసుని ఎవరు ఆడించిరో నటీనటుల పట్టికలోనే, ఆ పాత్రకు ఎదురుగా, ముద్రింపుడు.