చేతులు ఖాళీ లేనివాళ్ల కోసం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు తునికాకు పక్కన పెట్టి ఫోన్ మీద టైపు చేసే తీరిక ఉండదు. నోరు, చెవి ఖాళీనే. కృత్రిమ మేధ వాళ్లకు అక్కరకు రావాలంటే మాటగానే రావాలి, అదీ ఇక్కడి తెలుగులో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ముందు ఫోన్ చేతికి రానీయండి, మిగతాది తర్వాత అంటారు కొందరు. సగం నిజమే, అయితే బీడీలు చుట్టే మహిళ మాట అర్థం కాని ఫోన్ ఆమె చేతికొచ్చినా మూగదే. 2022లో మొదలైన భాషిణి వంటి ప్రభుత్వ భాషా వేదికలు తెలుగు వింటున్నాయి, బాగుంది. ‘పింఛను పైసలు పడ్డయా’ అన్న ప్రశ్నకు తప్పు జవాబొస్తే నష్టపోయేది మాత్రం ఆమే. కాబట్టి ఈ పనిముట్లను తయారుచేసేవారు ముందుగా మన మహిళా సంఘాల సమావేశాలకొచ్చి, వాటిని అక్కడ పరీక్షకు పెట్టాలి.