పొట్టివాళ్లకు పెద్ద బండి ఎందుకంటారా?

మన హోసూరు తెలుగిళ్లలో ఎత్తు తక్కువున్న పిల్లలు దూరప్రయాణాలకు మోటారుసైకిలు అడిగితే, "కాళ్లందవు, స్కూటరు చాల్లే" అనేస్తున్నాం. ఈ మాట మానుకుందాం.

షోరూంలో అందరం సీటు ఎత్తే అడుగుతాం. మన ఊళ్లో తయారయ్యే అపాచీ ఆర్‌ఆర్ 310కి 810 మిల్లీమీటర్లు, కవాసాకి నింజా 650కి 790. రెండోదే నయమనిపిస్తుంది. కానీ దాని బరువు 196 కిలోలు, మొదటిది 174. బండి ఒరిగినప్పుడు తెలుస్తుంది ఆ తేడా! సీటు ముందుభాగం సన్నగా ఉంటే కాలు తిన్నగా దిగుతుంది. ఒక్క పాదం గట్టిగా ఆనితే చాలు. బండి కిందికి దించమని మెకానిక్కును పోరొద్దు, స్పీడ్‌బ్రేకర్లకు అడుగు తగులుతుంది. బూట్లేసుకుని ఎక్కి, స్టాండు తీసి, వెనక్కి నెట్టి చూడాలి.

పెద్ద బండ్లున్న సభ్యులు వచ్చే సమావేశానికి వాటిమీదే రండి. పిల్లలు ఎక్కి చూసుకుంటారు.