వినుటయు నొక విద్యయే

లోకమునఁ బాడువారికిఁ గీర్తి కలదు. పాటలు కట్టువారికి నంతకంటెను నధికమగు కీర్తి కలదు. ఒరులు పాడఁగా విని, నేర్చి, భద్రపఱచి, మఱియొకరికి నప్పగించువానిని మాత్రము లోకము తలఁచుట యరుదు. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము. గానవిద్యలో వినువాని స్థానము పాడువాని స్థానమునకుఁ దక్కువది కాదు. వినుట సోమరిపనియుఁ గాదు. అదియు నొక సాధనయే. ఇందులకు ఐర్లండు దేశీయుఁడగు షేమస్ ఎన్నిస్ జీవితమును నిదర్శనముగాఁ జూపుచున్నాను.

ఎన్నిస్ 1919 వ సంవత్సరము మే నెల 5 వ తేదిని డబ్లిను నగరమున కుత్తరముననున్న ఫింగ్లస్ ప్రాంతమున జన్మించెను. తండ్రి ప్రభుత్వ వ్యవసాయశాఖలో నుద్యోగి. వాద్యములన్న నాయనకుఁ బ్రాణము. ఆయన 1908 లో లండను నగరమున నొక తాకట్టుకొట్టులో, సంచియందు ముక్కలుముక్కలుగాఁ బడియున్న పాత వాద్యము నొకదానిని గొనెను. అది 19 వ శతాబ్దమున డబ్లినులోఁ గాయిన్ అను పనివారు నిర్మించిన ఇల్లన్ పైపులు. ఇల్లన్ అనఁగా ఐరిషుభాషలో మోచేయి యని యర్థము. మన వీధిభాగవతములలో శ్రుతికొఱకు నూఁదు తిత్తిని జూచినవారికి దీని రూపము కొంత బోధపడును. కాని దీనిని నోటితో నూఁదరు. కుడిమోచేతి క్రింది చిన్న కొలిమితిత్తిని నొక్కి, యెడమచంకలోని తోలుసంచిని గాలితో నింపుదురు. వ్రేళ్లతో నొక గొట్టముపై రెండు స్థాయిల స్వరములను బలికింతురు. మూఁడు గొట్టములు విడువక శ్రుతి నిచ్చుచుండును. మఱి మూఁడింటి మీటలను మణికట్టుతో నొత్తి తోడుస్వరములను గలుపుదురు. నేర్చుట కేడేండ్లు, సాధన కేడేండ్లు, వాయించుట కేడేండ్లు, ఇట్లు ఇరువదియొక్క సంవత్సరములు గడచినఁగాని వాదకుఁడు కాఁడని యచ్చటి పెద్దల మాట.

ఆ దేశపు పాటకుఁ గలిగిన యాపద యెట్టిదో తెలిసినఁగాని యెన్నిస్ చేసిన పని విలువ మనకుఁ దెలియదు. 1845 మొదలు 1852 వఱకు నైర్లండునఁ బడిన కఱవులో నించుమించు పదిలక్షలమంది మరణించిరి; మఱి పదిలక్షలమంది దేశము విడిచిపోయిరి. పడమటి తీరమున ఐరిషుభాష మాటలాడు బీదజనము విశేషముగా నష్టపడెను. మనుష్యులు పోయినచోట భాష పోయెను. భాష పోయినచోటఁ బాట పోయెను. మిగిలిన పాటలలోఁ బెక్కులు కాగితముపైఁ గాక వృద్ధుల జ్ఞాపకమునందే నిలిచియుండెను. అట్టి వృద్ధుఁడొకఁడు మరణించిన దినమున, నాతఁడు మాత్రమే యెఱిఁగిన పాటయు నాతనితోడనే మట్టిపాలగుచుండెను.

ఎన్నిస్ ఐరిషుభాషలో బోధించు పాఠశాలలోఁ జదివి యా భాషను జక్కఁగా నేర్చెను; పదుమూఁడవయేఁట వాద్యమును జేపట్టెను. చదువు ముగిసిన పిదప గుమాస్తాపని కొక పరీక్ష వ్రాసెను గాని, జాబితాలో దిగువనుండుటచే నుద్యోగము దొరకలేదు. 1938 లోఁ గుటుంబమిత్రుఁడగు కోలమ్ ఓ లాక్లన్ తన ముద్రణాలయమున నాతనికిఁ బని నిచ్చెను. పాట విని దాని స్వరములను వ్రాయు నేర్పు నచ్చటనే యలవడెను. గుమాస్తాగా నెవరికిని వలదనిపించిన చిన్నవాఁడు, నాలుగేండ్లు గడవకమునుపే యొక జాతి పాటలకుఁ గావలివాఁడు కాఁగల వాఁడయ్యెను.

ఐర్లండు ప్రభుత్వము 1935 లో జానపదవిద్యాసంఘము నొకదానిని స్థాపించియుండెను. దాని యధికారి యగు ఆచార్య డెలార్గీ 1942 లో నెన్నిస్‌ను జేర్చుకొని, కలము, కాగితము, సైకిలు, వారమునకు 3 పౌనుల జీతము నిచ్చి పంపెను. నాఁటి యుద్ధకాలమునఁ బెట్రోలు దొరకుట దుర్లభము. ఎన్నిస్ సైకిలుమీఁదనే కానమారా, మేయో, డొనెగల్ మొదలగు ప్రాంతముల సంచరించి, 1947 వఱకుఁ బాటలు సేకరించెను. అందు గాల్వే మండలమున గ్లిన్స్క్ గ్రామమందలి కోలమ్ ఓ కీన్ అను చిన్న రైతుయొద్దనే 212 వ్రాసికొనెను. ఆ రైతు చేపలు పట్టి, కొద్దిపాటి నేల దున్నుకొని బ్రదుకువాఁడు. 

ఒక మనుష్యునియొద్ద నిన్ని పాటలు దొరకుట యెట్లు సాధ్యమయ్యెను? అధికారివలె వచ్చి, బల్లముందుఁ గూర్చుండి, ‘పాడుము, వ్రాసికొందును’ అనినచో నే రైతును నోరు విప్పఁడు. ఎన్నిస్ యట్లు పోలేదు. వారి భాషను వారి పలుకుబడితోనే మాటలాడెను; పొలముపనులలోఁ జేయి గలిపెను; పొయ్యిచెంతఁ గూర్చుండి తానును వాయించెను, పాడెను. కోరువాఁడు కూడ నిచ్చువాఁడైనప్పుడే యెదుటివాని మనస్సు తెఱచుకొనును. కార్క్ మండలమున ఎలిజబెత్ క్రోనిన్ అను గాయని యుండెను. ఎన్నిస్ వచ్చినప్పుడు మాటలాడుకొనుటకుఁ గాలము చాలదని యామె తన పాటలను ముందుగానే వ్రాసియుంచి, యాతఁడు రాఁగానే చేతి కిచ్చి, సంభాషణమునకుఁ గూర్చుండెడిదఁట! పాటలు గొనిపోవచ్చినవాని కంటె, మాటలాడఁదగినవాఁడని యాతని నామె యెక్కువగా నాదరించినది. ఇదియే వినుటలోని గొప్పతనము.

ఇచ్చట నొక యాక్షేపణము కలదు. ‘పాటను గాగితముపైఁ బెట్టిన దాని ప్రాణము పోవును, నోట బ్రదికినది నోటనే యుండవలెను’ అని కొందఱందురు. ‘ఇప్పుడు యంత్రములున్నవి, స్వరమును బట్టి దాఁచిన జాలును, మనుష్యుఁడెందులకు?’ అని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును సగము సత్యములే. పాడువాని యొడుపును, గమకమును స్వరలిపి పూర్తిగాఁ బట్టజాలదనుట నిజము. కాని వ్రాఁత లేనిచో ఓ కీన్ పాటలలో నెన్ని నేఁటికి మిగిలియుండును? ఇఁక యంత్రమందురా, అది ధ్వనిని దాఁచును గాని విద్యను దాఁచదు. పెట్టెలోని పాట గాదెలోని విత్తువంటిది. చెడకుండుటకు గాదె కావలెను. మొలచుటకుఁ బొలము కావలెను. వ్రాసి దాఁచుటతోడనే తృప్తిపడక, తాను నేర్చి, యొరులకు నేర్పినవాఁడే పాటను బ్రదికించినవాఁడు.

ఎన్నిస్ యీ రెండు పనులును జేసెను. 1947 లో నైర్లండు రేడియోలోఁ జేరి గ్రామములకుఁ బోయి వాదకులను రికార్డు చేసెను. 1951 లో లండనునందలి బీబీసీకిఁ బోయి, బ్రిటిషు దీవుల జానపదగేయములను రికార్డుచేసి, 1953 నుండి నొక ప్రసారమాలికద్వారా లక్షల యిండ్లకు వినిపించెను. 1958 లో నా కొలువు ముగిసెను. స్వదేశమునకు మరలి, స్థిరమగు నుద్యోగము లేక, యూరూర వాయించుచు జీవించెను. తుదకు డబ్లిను మండలమందలి నాల్ గ్రామమున, చక్రముల బండియింటిలోఁ గాపురముండి, 1982 అక్టోబరు 5 న మరణించెను. ఇంత సంపదను గూర్చినవానికిఁ బెద్దతనమున స్థిరమగు జీవనాధారము లేకపోవుట నాకు బాధ కలిగించుచున్నది. విద్యను బొగడి విద్వాంసుని మఱచు దుర్గుణ మే దేశమునకైనను దగదు. 2001 లో నాతని పేరఁ గళాకేంద్రము నొకదానిని నాల్ గ్రామముననే నెలకొల్పిరి. అది మంచిదే, కాని బ్రదికియున్ననాఁడు చేసిన గౌరవము దానికంటె మంచిది.

అయిన నాతని కృషి వ్యర్థము కాలేదు. లియమ్ ఓఫ్లిన్ అను యువకుఁడు కొంతకాల మెన్నిస్‌తో నొకే యింట నుండి విద్య నభ్యసించెను. తండ్రి తాకట్టుకొట్టులోఁ గొన్న యా వాద్యమునే యెన్నిస్ మరణకాలమున నీ శిష్యునికి నొసఁగెను. ఓఫ్లిన్ దానిని 2018 లోఁ దాను మరణించువఱకు లోకమంతటను వినిపించుచునే యుండెను. 1968 లో వాదకులు సంఘముగా నేర్పడినప్పుడు నూఱుమందియైనను లేరని చెప్పుదురు. 2017 లో యునెస్కో సంస్థ యీ వాద్యవిద్యను మానవజాతి వారసత్వపు జాబితాలోఁ జేర్చెను. సంచిలోని ముక్కలనుండి యింతవఱకు వచ్చుటకుఁ గారణ మొక మహాసభ కాదు. ఒకరియొద్ద నొకరు కూర్చుండి వినుటయే.

విద్యార్థులారా! పరీక్షలో వెనుకఁబడుటతో జీవితము ముగియదని యీ చరిత్రము తెలుపుచున్నది. అంతకంటె ముఖ్యముగా, చదువురాని వృద్ధునియొద్దను నేర్వవలసినది కలదని తెలుపుచున్నది. ఈ సెలవులలో మీ యింటఁగాని యూరఁగాని పాట తెలిసిన పెద్దలయొద్దఁ గూర్చుండుఁడు. పది పాటలు వ్రాసికొని పెట్టెలో దాఁచుటకంటె నొక్కపాటను మరల వారియెదుటఁ దప్పులేక పాడఁగలుగునంతవఱకు నేర్చుకొనుఁడు. తలిదండ్రులారా! పిల్లవాఁడు ముదుసలి చెంతఁ గూర్చుండిన గడియను వ్యర్థకాలముగా నెంచకుఁడు. ఉపాధ్యాయులారా! చక్కఁగాఁ జెప్పినవానికి బహుమాన మిచ్చుచున్నాము. చక్కఁగా వినినవానిని గూడ గుర్తింపుఁడు. వినువాఁడు లేనినాఁడు పాడువాఁడు నుండఁడు.